98 కిలోల బరువుతో ఆకాశంలోంచి దూకాను!

శీర్షిక చూసి నవ్వొచ్చింది కదూ? నవ్వండి, ఫరవాలేదు. నా వయసు 47. చదువు ఇంటర్. బరువు 98 కిలోలు. మాది తెనాలి. ఇంట్లో స్టూలెక్కి అటక మీద ఆవకాయ జాడీ దించాలంటేనే "పడతావ్ పడతావ్" అని మావారు కేకలేస్తారు. అలాంటి నేను విమానంలోంచి దూకానంటే మా వీధిలో ఇప్పటికీ సగం మంది నమ్మరు.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. మూడేళ్ళ క్రితం బంధువులందరం కలిసి ఓ కొండ ఊరికి విహారయాత్రకి వెళ్ళాం. అక్కడ పారాగ్లైడింగ్ చేయిస్తున్నారు. అందరితో పాటు నేనూ వరసలో నిలబడ్డాను. టికెట్లిచ్చే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "ఆంటీకి రెండు కట్టాలి" అన్నాడు. వరసంతా గొల్లుమంది. వాళ్ళతో పాటు మావారూ నవ్వారు. ఆ కుర్రాడి మాట సాయంత్రానికే మర్చిపోయాను. మావారి నవ్వు మాత్రం మర్చిపోలేకపోయాను.

2024 మే నెలలో మా అమ్మాయి ఎమ్మెస్ పట్టా తీసుకుంటుంటే చూడ్డానికి అమెరికా వెళ్ళాం. లాస్ ఏంజెలెస్ దగ్గర ఫుల్లర్టన్‌లో ఉంటుంది తను. "అమ్మా, నీకేం చూడాలనుంది? డిస్నీలాండా, యూనివర్సల్ స్టూడియోనా?" అని అడిగింది. "విమానంలోంచి దూకుతారట కదే, అది" అన్నాను. అది నవ్వలేదు. "నీ బరువెంతో సరిగ్గా చెప్పు" అంది. చెప్పాను. 216 పౌన్లని లెక్క కట్టింది.

అప్పుడే తెలిసింది, అక్కడ ఒక్కోచోట ఒక్కో బరువు పరిమితి ఉంటుందని. చాలా చోట్ల 220 నుంచి 240 పౌన్ల దాకా ఒప్పుకుంటారు. కొన్ని చోట్ల 200 దాటితే అదనపు రుసుం కట్టాలి. మొదటిసారి దూకేవాళ్ళని ఒంటరిగా పంపరు. ఇన్‌స్ట్రక్టర్ ఒంటికి మనని ముందువైపు పట్టీలతో కట్టుకుని, ఇద్దరికీ ఒకే పారాచూట్‌తో దూకుతారు. దీన్ని టాండెమ్ అంటారు. ఆ పట్టీలూ పారాచూటూ ఇద్దరి బరువూ, సామాను బరువూ కలిపి మోయాలి కాబట్టే ఆ పరిమితి. అంతే తప్ప లావుగా ఉన్నవాళ్ళని అవమానించడానికి కాదు.

ఫుల్లర్టన్ నుంచి పెరిస్ అనే ఊరికి బయల్దేరాం. దారిలో రివర్‌సైడ్ వస్తుంది. ఎలిజా టిబెట్స్ అనే ఆవిడ 1873లో రెండు నేవెల్ నారింజ మొక్కలు నాటింది ఈ ఊళ్ళోనే. వాటిలో ఒక చెట్టు ఇప్పటికీ ఉంది. కాలిఫోర్నియా నారింజ తోటల వ్యాపారం ఆ మొక్కల అంట్లతోనే పెరిగిందట. రివర్‌సైడ్ దాటాక రోడ్డు పక్కనే మార్చ్ ఫీల్డ్ విమానాల మ్యూజియం, పాత యుద్ధ విమానాలు వరసగా కనిపిస్తాయి. ఆ తర్వాత ఎండిన గడ్డి కొండలు. మన అనంతపురం వైపు వెళ్తున్నట్టే అనిపించింది.

పెరిస్‌లో చిన్న విమానాశ్రయం, పక్కనే దిగే మైదానం. లోపలికి వెళ్ళగానే బోలెడు కాగితాలు చేతికిచ్చారు. ప్రాణం పోయినా మాది బాధ్యత కాదని ప్రతి పేజీలోనూ సంతకం. మావారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వాక్యం పైకి చదవడం మొదలెట్టారు. "ఏమోయ్, ఇంకా ఆలోచించుకో" అన్నారు. నేను సంతకాలు చేసేశాను.

తర్వాత కాటా ఎక్కమన్నారు. నాకు గుండె దడదడలాడింది దూకడానికి కాదు, దీనికి! చుట్టూ కుర్రకారు. ఆ బల్ల దగ్గరమ్మాయి అంకె చూసి రాసుకుని, "పెద్ద సూటు, పెద్ద హార్నెస్" అని లోపలికి కేకేసింది. ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ తలెత్తలేదు. మన దర్జీ జాకెట్టు కొలత రాసుకున్నట్టు రాసుకుందంతే. మొదటి సూటు పొట్ట దగ్గర జిప్పు పడలేదు. మాట్లాడకుండా ఇంకోటి తెచ్చింది.

ఇంకో విచిత్రం చూశాను. పక్కన ఓ సన్నటి పిల్ల నడుముకి బరువైన బెల్టు కట్టుకుంటోంది. అందులో సీసం ఉందట! గుంపుగా దూకి గాల్లో చేతులు పట్టుకునేవాళ్ళంతా ఒకే వేగంతో పడాలి. సన్నగా ఉన్నవాళ్ళు నెమ్మదిగా పడతారు కాబట్టి వెనకబడతారు. అందుకని సీసం కట్టుకుంటారు. లావుగా ఉన్నవాళ్ళు తొందరగా పడతారు కనక గాలి ఎక్కువ పట్టే వదులు సూట్లు వేసుకుంటారు. సన్నగా ఉన్నందుకు బరువు అరువు తెచ్చుకునే చోటు ఈ లోకంలో ఒకటుందని నాకు 47 ఏళ్ళకి తెలిసింది!

మా ఇన్‌స్ట్రక్టర్ నెరిసిన గడ్డం ఉన్న పెద్దమనిషి. అక్కడ ఈ పనికి కనీసం 500 సార్లు దూకి, మూడేళ్ళ అనుభవం ఉండాలి. దూకేటప్పుడు నడుం విల్లులా వెనక్కి వంచాలనీ, దిగేటప్పుడు కాళ్ళు ముందుకి ఎత్తి పట్టుకోవాలనీ నేర్పాడు. ఈ రెండోదే మనలాంటివాళ్ళకి కష్టం. పొట్ట అడ్డొస్తుంది. అందుకే మా అమ్మాయి వారం ముందు నుంచే సోఫాలో కూర్చోబెట్టి, మోకాళ్ళ కింద పాంటు పట్టుకుని కాళ్ళు పైకి లాగడం రోజూ ఇరవై సార్లు చేయించింది.

విమానంలో బెంచీల మీద ఇరుగ్గా కూర్చున్నాం. పన్నెండు వేల అడుగులు దాటాక తలుపు తీశారు. చల్లగాలి మొహాన కొట్టింది. వెయ్యి అడుగులకి సుమారు 2 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుందట. అంచుకి జరిగేటప్పుడు కింద కాలు పెట్టడానికి ఏమీ లేకపోవడం చూశాను. "వద్దు" అని తెలుగులో అరిచాను. ఆయనకి అర్థం కాలేదు, దూకేశాడు.

జెయింట్ వీల్‌లో కడుపులో దేవినట్టు ఉంటుందనుకున్నాను. అలా లేదు. గాలే పరుపులా మోస్తున్నట్టుంది. గంటకి సుమారు 190 కిలోమీటర్ల వేగం. ఇద్దరి బరువు కలిస్తే ఇంకా వేగం రావాలి. కానీ దూకగానే వెనక డ్రోగ్ అనే చిన్న పారాచూట్ వదులుతారు, అది బ్రేకులా పట్టి ఉంచుతుంది. దాదాపు ముప్పావు నిమిషం అలా పడ్డాక పెద్ద పారాచూట్ విచ్చుకుంది. ఒక్క కుదుపు, తొడల దగ్గర పట్టీలు గట్టిగా నొక్కాయి, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. దూరంగా సాన్ జసింటో కొండ, దగ్గరగా పెరిస్ సరస్సు నీలంగా మెరుస్తోంది. నా బరువు నాకు తెలియని ఆ అయిదు నిమిషాలూ ఏడుస్తూనే ఉన్నాను. భయంతో కాదు.

దిగేటప్పుడు కాళ్ళెత్తాను. గడ్డి మీద కూర్చున్నట్టే జారుకుంటూ ఆగాం. మావారు పరిగెత్తుకొచ్చి చెయ్యిచ్చి లేపారు. ఆయన 62 కిలోలుంటారు, అయినా ఆయన దూకలేదు. కారెక్కాక నెమ్మదిగా, "ఆ రోజు కొండ మీద నేను నవ్వకుండా ఉండాల్సింది" అన్నారు. ఆయనకీ గుర్తుందన్నమాట!

మన ఆడవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. రేచల్ థామస్ 2002లోనే ఉత్తర ధ్రువం మీద దూకారు. పుణె ఆవిడ శీతల్ మహాజన్ 2018లో థాయిలాండ్‌లోని పట్టాయాలో తొమ్మిది గజాల చీర కట్టుకుని మరీ దూకారు.

వెళ్ళాలనుకునేవారికి నాలుగు మాటలు:

* బుక్ చేసేముందే అసలు బరువు చెప్పండి. దుస్తులు, బూట్లతో కలిపి తూస్తారు. తగ్గించి చెబితే అక్కడే తెలిసిపోతుంది. పట్టీలు మన భద్రత కోసమే.

* గుండె జబ్బు, బీపీ, నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పులు ఉంటే డాక్టర్ని అడక్కుండా వెళ్ళకండి. గర్భిణులు అసలు వద్దు.

* మెత్తటి చుడీదార్ పాంటు, లేసులున్న బూట్లు వేసుకోండి. గాజులు, చెవి లోలాకులు తీసేయండి. జడ బిగించి లోపలికి దోపండి. కళ్ళజోడు మీదకి పెట్టుకునే గాగుల్స్ ఇస్తారు.

* తొడల లోపలివైపు పట్టీలు ఒరుసుకుని రెండ్రోజులు కమిలి ఉంటుంది. నేను కొబ్బరినూనె రాసుకున్నాను.

* ప్రయాణ బీమాలో చాలావాటికి ఇలాంటి సాహసాలు వర్తించవు. ముందే చూసుకోండి.

తెనాలి వచ్చాక మా వదిన నన్ను చూసి, "ఏమ్మా, అమెరికా వెళ్ళొచ్చినా తగ్గలేదే!" అంది. "తగ్గలేదు వదినా, దిగాను. పన్నెండు వేల అడుగులు" అన్నాను. ఈసారి అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.