ఊఁ కొట్టమన్న నర్సమ్మ

గాలికి మన నిఘంటువులలో పర్యాయపదాల కొదువ లేదు. అనిలము, పవనము, మారుతము, సమీరము... ఏళ్ల తరబడి పిల్లల చేత వల్లె వేయించాను. ఆ గాలి ముక్కున కాక మెడనరం గుండా లోపలికి పోతే ఏమవుతుందో మాత్రం, మిత్రులారా, అరవై దాటాక కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రిలో తెలిసింది.

మా బావగారిది ఆదిలాబాదు. అక్కడ రిమ్స్ 2008లోనే వెలసినా, మా ఇల్లు దగ్గరని ఆయన మూత్రపిండాల వైద్యం ఇక్కడే సాగింది. చేతిలో ఫిస్టులా సిద్ధమయ్యేదాకా మెడలోని పెద్ద సిరలో క్యాథెటర్ ఉంచి డయాలసిస్ చేశారు. దాని పని తీరింది, తీసేయాలి. "సూది తీసినట్టే గదా, కూసునే ఉంట, తియ్యి బిడ్డా" అన్నారు బావ. బస్సు వేళ అవుతోందని ఆయన తొందర. నర్సమ్మ ఒప్పుకోలేదు. మంచం తలవైపు దించి, వెల్లకిలా పడుకోబెట్టి, "నేను ఆపమనేదాక ఊఁ అనుకుంట ఉండు తాతా, మధ్యల ఊపిరి పీల్చకు" అంది. కథ వినే పిల్లవాడిలా ఆయన ఊఁ కొడుతుండగానే గొట్టం బయటికి వచ్చింది. ఆ క్షణమే ఆమె వేళ్లు గాయంపై బిగిశాయి.

ఆ 'ఊఁ'లోని శాస్త్రాన్ని తర్వాత డాక్టరుగారు విడమరచి చెప్పారు. కూర్చున్న మనిషికి మెడ సిర గుండెకంటె ఎత్తున ఉంటుంది. ఊపిరి పీల్చినపుడు రొమ్ములోని పీడనం బయటి గాలి పీడనంకంటె తగ్గుతుంది. అప్పుడు సిరకు రంధ్రం తెరచి ఉంటే నెత్తురు బయటికి చిమ్మడం కాదు, గాలే లోపలికి దూరుతుంది. లావు సూది పట్టేంత రంధ్రంలోంచే సెకనుకు 100 మిల్లీలీటర్ల దాకా పోగలదట! డయాలసిస్ గొట్టం అంతకంటె లావు. పోయిన గాలి గుండె కుడి భాగంలో నిలిచి, ఊపిరితిత్తులకు వెళ్లే నెత్తురుకు అడ్డు పడుతుంది. కొందరిలో గుండె గదుల నడుమ పుట్టుకతో మిగిలిన చిన్న సందు గుండా మెదడుకూ చేరుతుంది. దీనినే ఎయిర్ ఎంబోలిజం అంటారు. గ్రీకు మూలపదానికి బిరడా అని అర్థం. పేరు సరిగానే పెట్టారు. ఊఁ అంటున్నంతసేపు ఊపిరి వెలుపలికే పోతుంది గనుక రొమ్ము గాలిని లాగుకోదు.

అరుదైన ప్రమాదమే. కాని అది గొట్టంతో పాటే తొలగిపోదు. గొట్టం చాన్నాళ్లు ఉన్నచోట చర్మం నుంచి సిర దాకా ఏర్పడిన దారి వెంటనే పూడదు. అందుకే గాలి చొరని పట్టీ వేసి, అరగంట పడుకోబెట్టి, ఒక రోజంతా దానిని కదిలించవద్దన్నారు. ఆసుపత్రి కాగితంలో ఆ మాట ఇంగ్లీషులో ఒక్క వాక్యం, కారణం లేదు. నాకు కోపం వచ్చింది. నిర్మల్ దాటి, ఇచ్చోడ దాటి పోయే బస్సులో చెమటకు మెడ దురద పెడితే, కారణం తెలియని చెయ్యి ఊరుకుంటుందా?

కాగితం వెనుక తెలుగులో రాసి చెల్లె చేతికిచ్చాను: "మెడ నుంచి గాలి లోపలికి పోతే ప్రాణానికే ముప్పు. రేపు ఈ వేళదాకా పట్టీ విప్పవద్దు. ఊడితే వెంటనే వేళ్లతో గట్టిగా అదిమి, బావను పడుకోబెట్టు. ఆయాసం, రొమ్ము నొప్పి, మాట తడబాటు కనిపిస్తే తల కిందికి ఉండేలా ఎడమ పక్కకు తిప్పి, 108కి ఫోన్ చెయ్యి."

ఎడమ పక్కకు తిప్పితే గాలి ఊపిరితిత్తుల దారికి అడ్డం పడకుండా గుండెలోనే ఒక పక్కన తేలుతుందట. ఆసుపత్రిలో ఇచ్చేది ఆక్సిజన్. మన పాఠ్యపుస్తకాలలో దానికి ప్రాణవాయువని పేరు. లోపల చిక్కిన గాలిబుడగను కరిగించేదీ అదే.

మరునాటి సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. గాయం ఆరిందట. బస్సులో బావ రెండుసార్లు ఆ కాగితం అడిగి తీసుకుని చదువుకున్నారట.