లోపలికి వెళ్లే ఐదు వందలు

జైల్లో ఉన్నవాళ్లకు ఇంటివాళ్లు డబ్బు ఎలా పంపుతారో తెలుసుకోవాలని హైదరాబాద్‌లోని చంచల్‌గూడ జైలుకు వెళ్లాను. 1876 నాటి జైలు. ములాఖత్ కోసం ఎదురుచూసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చేతుల్లో ఆధార్ నకళ్లు, ప్లాస్టిక్ సంచుల్లో ఉతికిన బట్టలు.

నోట్లు ఖైదీ చేతికి ఇవ్వరు. అతని పేరు మీద ఉండే ఖాతాలో జమ చేస్తారు, నెలకింతని పరిమితి ఉంటుంది. దాంతో జైలు క్యాంటీన్లో సబ్బు, టూత్‌పేస్టు, బిస్కెట్లు, పచ్చడి కొనుక్కుంటారు. రాలేనివాళ్లకు మనియార్డర్ ఉంది. ఇరవై రూపాయలకు రూపాయి కమిషన్, అంటే ఐదు వందలకు పాతిక. ఒకే పేరున్నవాళ్లు లోపల ఎందరో ఉంటారు కాబట్టి ఖైదీ నంబరు, తండ్రి పేరు సరిగ్గా రాయాలి.

ప్రభుత్వమే తిండి పెడుతుంటే డబ్బెందుకని అడిగేవాళ్లున్నారు. వేరే ఊరి జైలు నుంచి విడుదలైన ఒకాయన నాతో అన్నాడు: ఇంటి నుంచి పైసా రానివాడు పక్కవాడి బట్టలు ఉతికి సబ్బు సంపాదించుకుంటాడని. శిక్ష పడి పని చేసేవాళ్లకు కూలి దొరుకుతుంది. న్యాయమైన కూలి ఇవ్వాలని 1998లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విచారణ ఖైదీలు మాత్రం చాలావరకు ఇంటి మీదే ఆధారపడాలి. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది వాళ్లే. నేరం ఇంకా రుజువు కానివాళ్లు!

గోడ నీడన కూర్చున్న ఒకామె మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చింది. కూలిపని. కొడుకు మీద దొంగతనం కేసు.

"బెయిల్ వచ్చి రెండు నెల్లాయె బిడ్డా. జమానతు ఇచ్చేటోళ్లు లేరు. అందుకే నెలనెలా ఐదొందలు కట్టిపోతున్న" అంది.

"కోర్టులో ఎవరినైనా అడిగావా అమ్మా?"

"ఎవల్ని అడగాలె? నాకేం తెల్సు?"

అక్కడ నాకు కడుపు మండింది. కోర్టు వదిలెయ్యమన్న మనిషి, పూచీ పడేవాళ్లు లేక లోపలే ఉన్నాడు. తల్లి కూలి డబ్బు అతను బయటికి రావడానికి కాక, లోపల ఉండిపోవడానికి ఖర్చవుతోంది.

దీనికి దారి లేకపోలేదు. బెయిల్ వచ్చి 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని, నెలలోగా పూచీకత్తు సమర్పించలేకపోతే షరతుల సడలింపును కోర్టు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం కింద బెయిల్ కోసం, శిక్ష పడినవాళ్ల జరిమానా కోసం డబ్బు అందుతుంది. 2023లో మొదలైనప్పుడు ఆ పరిమితి బెయిల్‌కు 40,000 రూపాయలు, జరిమానాకు 25,000. ఉగ్రవాదం, మాదకద్రవ్యాల వంటి కేసులకు ఆ పథకం వర్తించదు. దొంగతనం కేసుకు ఆ అడ్డంకి లేదు. ఇవన్నీ ములాఖత్ గదిలో పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాలి. చదువు రానివాళ్లకు చెప్పడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

మీ వీధిలో, మీ ఇంట్లో పనిచేసేవాళ్లలో ఎవరైనా నెలనెలా జైలుకు డబ్బు పంపుతుంటే, బెయిల్ వచ్చిందా అని ఒక్కసారి అడగండి. వచ్చి ఉంటే 15100కు ఫోన్ చేయించండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.