గురువారం పాఠాలు

బి.ఏ. పాసై ఇంట్లో కూర్చున్న రోజుల్లో, అంటే 2001లో, నేను ప్రతి గురువారం రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళేదాన్ని. కంప్యూటర్ క్లాసని ఇంట్లో చెప్పాను. మొదటి నెల నిజంగానే వెళ్ళాను. ఆ తర్వాత... నలభై దాటాక ఇంకా దాపరికమెందుకూ, ఒకతనితో హోటల్లో కాఫీ తాగుతూ కూర్చునేదాన్ని. అతని కంటే నాకా రైలు కిటికీయే ఎక్కువ ఇష్టంగా ఉండేదేమో! ఊళ్ళో నేను ఫలానావారి అమ్మాయిని. రైల్లో ఎవరినీ కాను.

అతనికి ఉద్యోగమొచ్చింది, చెప్పకుండా వెళ్ళిపోయాడు. అంతే కథ.

మొన్న వేసవిలో ‘మదాం బోవరీ’ చదువుతూ ఒకచోట ఉలిక్కిపడ్డాను. ఫ్లొబేర్ నవల, 1857లో పుస్తకంగా వచ్చింది. నీతికి విరుద్ధమని ఆయన్ని కోర్టుకీడ్చి, చివరికి నిర్దోషి అన్నారు. అందులో ఎమ్మా పల్లెటూరి వైద్యుడి భార్య. పియానో పాఠాలని చెప్పి ప్రతి గురువారం గుర్రబ్బండిలో పట్నం వెళ్ళి ప్రియుణ్ణి కలుసుకుంటుంది. గురువారమే! మొగుడికి అనుమానం రాకుండా ఫీజు రసీదు పుట్టించి అతని బూటులో పడేస్తుంది. నాకంత తెలివి లేకపోయింది.

అంతకు ముందు ప్రియుడు ఆమెతో లేచిపోతానని మాటిచ్చి, ఆప్రికాట్ పళ్ళబుట్ట అడుగున ఉత్తరం పెట్టి పంపి తప్పుకుంటాడు. కన్నీళ్ళనుకుంటుందని ఆ ఉత్తరం మీద నీటిచుక్క వేస్తాడు మహానుభావుడు! అయినా ఎమ్మాని చంపింది ప్రేమ కాదని నాకనిపిస్తుంది. ప్రోనోట్లు. బట్టల వర్తకుడు అరువిస్తూ, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ పోతాడు. చివరికి ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది వేల ఫ్రాంకులు కట్టమని కోర్టు ఉత్తర్వు. చేతిలో సొంత కాసు లేదు. ప్రియులిద్దరూ ఇవ్వలేదు. పాషాణం మింగింది.

తనకి మగపిల్లాడు పుట్టాలని కోరుకుందిట ఎమ్మా. మగవాడైతే స్వేచ్ఛగా ఉంటాడని. ఆడపిల్ల అనగానే మొహం తిప్పుకుని స్పృహ తప్పింది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ సాయంత్రం అమ్మకి కథంతా చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. ప్రియుల సంగతి ఏమీ అడగలేదు.

“ఇంతకీ ఆ పిల్ల ఏమైందే?”

“తండ్రి కూడా పోయాడమ్మా. మేనత్తో ఎవరో తీసుకెళ్ళి నూలుమిల్లులో పనికి పంపింది.”

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

“నీ కంప్యూటర్ ఫీజు ఎదురింటి పిన్నిగారి దగ్గర అప్పు తెచ్చాను. ఏడాది పాటు అప్పడాలు ఒత్తి తీర్చాను” అంది చివరికి.

“నేను క్లాసుకి వెళ్ళట్లేదని నీకు తెలుసా?”

“మూడో నెల్లో తెలిసింది.”

“మరి ఎందుకిచ్చావమ్మా?”

అమ్మ ఈనెలన్నీ కొంగులోకి ఎత్తుకుని లేచింది.

“రైలు దిగి వచ్చేటప్పుడు నీ మొహం బావుండేదే” అంది.