ఒక్కనాటి బెజవాడ ప్రయాణము

యాత్ర యనగానే మనకు కాశీయో, రామేశ్వరమో, తిరుపతియో స్ఫురించును. అట్టి యాత్రలకు ధనము కావలయును, సెలవులు కావలయును, ఇంటికి కాపలా కావలయును. అవి యన్నియు గూడివచ్చునప్పటికి పిల్లలు పెద్దవారగుదురు. పెద్దలు గడప దాటలేనివారగుదురు. తెల్లవారి బయలుదేఱి రాత్రి భోజనమువేళకు మరల నింటికి జేరగల చిన్న ప్రయాణమును గుఱించి మనము తలపోయుట యరుదు. దానిని బాగుగ నాలోచించి చేసినచో తక్కువ వ్యయముతో నింటిల్లిపాదికి నుల్లాసము కలుగును. పిల్లలకు నాలుగు విషయములు తెలియును. ఆ యాలోచన యెట్లుండవలయునో మేము చేసి చూచినదానినిబట్టి యిచట విన్నవించుచున్నాము.

మొదట నొక మాట. చౌక యనునది టిక్కెట్టుల వెలతోడనే తేలునది కాదు. వేకువను మూడు గంటలకు లేచి పదిమందికి వండి మూటలు గట్టి, దినమంతయు సామానులయొద్ద కాపలా యుండి, రాత్రి వచ్చి అంట్లు తోముకొను స్త్రీకి ఆ ప్రయాణము చౌకది కాదు. ఆమె శ్రమను లెక్కలో వేయనందున మాత్రమే అది చౌకగా గనబడుచున్నది. కావున కుటుంబప్రయాణమునకు రెండు లెక్కలు వ్రాసికొనవలయును. ఒకటి రూపాయల లెక్క. రెండవది శ్రమ లెక్క. ఈ రెండును తక్కువైనపుడే ప్రయాణము చౌకగ జరిగినదని చెప్పుకొనవచ్చును.

మా కుటుంబము మూడూళ్లలో నున్నది. మేము తెనాలిలో నుందుము. మా వదినగారి కాపురము బాపట్ల. మా చెల్లెలి అత్తవారిల్లు రేపల్లె. పండుగలకు దప్ప మా మూడిండ్లవారు కలిసికొనుట లేదు. మా పెద్దలకు పట్నమనిన చెన్నపట్నమే. కాని అది తెనాలికి సుమారు 400 కిలోమీటర్ల దూరమున నున్నది. హైదరాబాదు సైతము ఒక్కపగటిలో పోయి, చూచి, రాదగినది కాదు. పగలంతయు బండిలోనే గడచిపోవును. బెజవాడ అట్లు గాదు. రైలుమార్గమున తెనాలికి సుమారు 31 కిలోమీటర్లు, రేపల్లెకు సుమారు 65, బాపట్లకు సుమారు 75. పిల్లలు విసుగు చెందకమున్నే బండి దిగవచ్చును. అందుచే గత మార్గశిరమున మూడిండ్లవారమును తెనాలి జంక్షనులో గలిసికొని బెజవాడకు బోవ నిశ్చయించితిమి. స్త్రీలము నలుగురము, పురుషులు ముగ్గురు, పిల్లలు నలుగురు. వెరసి 11 మందిమి.

ప్రయాణపు వేళలు నిర్ణయించునపుడు మొదట చూడవలసినది పోవు బండి కాదు, తిరిగివచ్చు బండి. అందును అందఱికంటె ఇబ్బంది కలవారి బండి. బాపట్ల మదరాసు ప్రధానమార్గమున నున్నందున అచటివారికి బండ్లు తఱచుగ దొరకును. రేపల్లె శాఖామార్గపు కొసనున్న స్టేషను. 1916లో ఏర్పడిన ఈ మార్గమున వేమూరు, భట్టిప్రోలు మీదుగ నడచు బండ్లు కొలదిగనే యుండును. అందును బెక్కు తెనాలినుండి గుంటూరువైపు మఱలును. రేపల్లెవారు తెనాలిలో బండి మాఱక తప్పదు. అందుచే రాత్రి తెనాలినుండి రేపల్లెకు బోవు బండి వేళను కాగితముపై మొదట వ్రాసి, దానినుండి వెనుకకు లెక్కించుకొనుచు తక్కిన వేళలన్నియు నిర్ణయించితిమి. పట్టికలు మాఱుచుండును గనుక ప్రయాణమునకు ముందునాడు మరల విచారించుట మంచిది.

ఇక రూపాయల లెక్క. పాసింజరు బండిలో కనీసపు టిక్కెట్టు 10 రూపాయలు. ఎక్స్‌ప్రెసు బండిలో సాధారణ తరగతికి 30 రూపాయలు. తెనాలినుండి బెజవాడకు ఈ కనీసమే చాలును. కాని పాసింజరు టిక్కెట్టుతో ఎక్స్‌ప్రెసు బండి యెక్కరాదు. ముందుగ వచ్చినది గదా యని తొందరపడి యెక్కినవారు తేడా సొమ్ముతోబాటు తక్కువలో తక్కువ 250 రూపాయల జరిమానా చెల్లింపవలసి వచ్చును. చౌకప్రయాణపు లెక్కంతయు అచటనే తలక్రిందులగును. అయిదేండ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు. పండ్రెండేండ్లు నిండనివారికి, కనీసపు రుసుమునకు లోబడి, సగము వెల. వృద్ధులకు పూర్వముండిన రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినది గనుక పాత లెక్కను నమ్ముకొని బయలుదేఱరాదు.

బస్సు సంగతి వేఱు. 2025 ఆగస్టు 15వ తేదీన ఆంధ్రప్రదేశమున ‘స్త్రీశక్తి’ పథకము మొదలైనది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అను అయిదు విధముల ఆర్టీసీ బస్సులలో రాష్ట్రమందలి స్త్రీలును, బాలికలును వెల లేకయే ప్రయాణింపవచ్చును. ఆధారు కార్డువంటి గుర్తింపుపత్రము చూపి సున్నా రూపాయల టిక్కెట్టు తీసికొనవలయును. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులలో నిది చెల్లదు. తల్లియు, ఆడపిల్లలును మాత్రమే పోవునపుడు బస్సు లాభము. పురుషులు, మగపిల్లలు ఎక్కువగ నున్నపుడు పాసింజరు రైలు లాభము. మేము రాకపోకలకు రైలును, పట్టణములో తిరుగుటకు సిటీ బస్సును ఎంచుకొంటిమి.

కాలనిర్ణయమును ముఖ్యమే. వేసవిలో బెజవాడను బ్లేజ్‌వాడ యని పరిహసించుట అందఱు నెఱిగినదే. వృద్ధులతోను, పసివారితోను ఆ యెండలకు బోరాదు. నవంబరు మొదలు జనవరి వఱకు అనుకూలము. దసరాలో అమ్మవారి దర్శనము గోరి పోవుట వేఱు. పిల్లలకు పట్టణము చూపదలచినవారు ఆ జనసమ్మర్దములో పోవుట తగదు. చూడదలచిన మ్యూజియమునకు సెలవుదిన మేదియో ముందుగ కనుగొనవలయును.

చూడదగినవి చాల గలవు. అన్నియు నొక్కదినమున చూడవలెననుకొన్నచో ఏదియు మనసున నిలువదు. పిల్లలకు ఆటోలు, మెట్లు మాత్రమే జ్ఞాపకముండును. అందుచే మేము నదికి ఒక గట్టునే ఎంచుకొనుడని చెప్పుదుము. దక్షిణపు గట్టున ఉండవల్లి గుహలు కలవు. కొండను తొలిచి అంతస్తులుగ మలచిన ఆ గుహలలో శయనించియున్న మహావిష్ణువు విగ్రహము మిక్కిలి పెద్దది. కేంద్ర పురావస్తుశాఖవారి స్థలమగుటచే 15 ఏండ్లలోపు పిల్లలకు ప్రవేశరుసుము లేదు. అది యొక దినపు ప్రయాణము. దానిని మఱియొకసారికి ఉంచుకొంటిమి.

ఉత్తరపు గట్టున ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ గుడి, దానిచెంతనే నది, బందరురోడ్డున మ్యూజియము గలవు. విక్టోరియా జూబిలీ మ్యూజియమని 1887లో ఆరంభింపబడిన ఆ భవనము నేడు బాపు మ్యూజియమని పిలువబడుచున్నది. అందలి అల్లూరు బుద్ధవిగ్రహము తప్పక చూడదగినది. 1921లో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనపుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా సమర్పించిరి. బడిలో జెండాకు వందనముచేయు పిల్లలకు ఆ ముచ్చట ఈ యూరనే చెప్పిన నాటుకొనును. అదే రోడ్డున స్వరాజ్యమైదానములో 2024 జనవరి 19వ తేదీన ఆవిష్కృతమైన అంబేద్కరుగారి విగ్రహము కలదు. పీఠమును వదలి విగ్రహమే 125 అడుగులు.

భోజనవిషయమున శ్రమ లెక్క మొదలగును. మూడిండ్లవారము మూడు పనులు పంచుకొంటిమి. వదినగారు ముందురాత్రియే పులిహోరకు పులుసు కాచి యుంచిరి. వేకువను అన్నము వార్చి కలిపినవారు అన్నయ్యగారు. చెల్లెలు జంతికలు తెచ్చెను. అరటిపండ్లు, మంచినీళ్లు మావి. పెరుగన్నము మధ్యాహ్నమునకే పులియును గనుక వలదంటిమి. పులిహోర రైలులోనే ముగిసినది. మధ్యాహ్నభోజనము మాత్రము సాధారణమైన హోటలులో వెలయిచ్చి తింటిమి. ఇంటినుండి క్యారేజీలు మోసికొనిపోయిన ఆ సొమ్ము మిగులును, నిజమే. కాని వండుట, మోయుట, కడుగుట యను మూడు పనులు ఎవరి తలపై బడునో మనకు తెలియనిది కాదు. దుర్గగుడిలో నిత్యాన్నదానము కలదు. వరుసలో నిలువగల ఓపికయు, సమయమును గలవారు దానిని ప్రసాదముగ స్వీకరింపవచ్చును.

ఇంకొక సంగతి మన పత్రికలలో వ్రాయుటకు సంకోచింతురు గాని, వ్రాయక తప్పదు. ప్రయాణదినమున మన స్త్రీలలో చాలమంది దాహమైనను నీరు త్రాగరు. మరుగుదొడ్డి యెచట దొరకునో తెలియకపోవుటయే దానికి గారణము. అందుచే తలనొప్పి, మూత్రపు మంట తెచ్చుకొని ఇల్లు చేరుదురు. చూడవలసిన స్థలముల పట్టిక వ్రాయునపుడే మరుగుదొడ్డి గల స్థలముల పట్టికయు ప్రక్కనే వ్రాయవలయును. రైల్వేస్టేషను, పండిత నెహ్రూ బస్సుస్టేషను, గుడి, మ్యూజియము, భోజనముచేయు హోటలు — వీనిలో దేనినుండి దేనికి ఎంతసేపు పట్టునో చూచికొని దారిని నిర్ణయించినచో, అందఱును నిర్భయముగ నీరు త్రాగవచ్చును. దీనికి రూపాయియు ఖర్చు లేదు.

మేము పెట్టుకొన్న మఱియొక నియమము గలదు. ఆనాడు ప్రతి స్త్రీకిని ఒక గంట పూర్తిగ తనది. ఆ గంటలో చేతిలో బిడ్డ యుండరాదు, సంచి యుండరాదు, ‘ఏమి తోచుచున్నది?’ అని యెవరు నడుగరాదు. మా మగవారు మొదట నవ్విరి. పిమ్మట నలుగురు పిల్లలను, మూడు సంచులను తామే చూచుకొనిరి. వదినగారు అల్లూరు బుద్ధునియెదుట నిలిచి తనివిదీర చూచిరి. చెల్లెలు ఘట్టపుమెట్లపై గూర్చుండి నీటిని జూచుచు ఒక్కమాటయైన నాడలేదు. మేము బీసెంటురోడ్డున ఏమియు కొనవలసిన పనిలేక, బేరము లేక, ఆ చివఱనుండి ఈ చివఱకు నడచితిమి.

మిగిలినవారు మా చెల్లెలి అత్తగారు. డెబ్బదియేండ్లు దాటినవారు. గుడికి బోవుదురేమో యనుకొంటిమి. అమ్మవారి దర్శనము ఉదయమే అయినదనియు, తాము కాలువ మొదలు చూచెదమనియు అనిరి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పొలములు పండునది కృష్ణ పశ్చిమ కాలువల నీటితోడనే. 1852–55 సంవత్సరములలో ఆనకట్ట కట్టినపిమ్మట ఈ నీరు మనకు వచ్చినది. పూర్వము ఈ కాలువలపై జనులు పడవలలో ప్రయాణముచేసెడివారు. 1952లో ఆ ఆనకట్టకు గండిపడగా, దాని బదులు 70 తలుపులతో, ఇంచుమించు 1,223 మీటర్ల పొడవున నిర్మించిన బ్యారేజి 1957 డిసెంబరులో ప్రారంభమైనది. ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేరు దానికి బెట్టిరి. ఇది చూచుటకు రుసుము లేదు.

బ్యారేజికి దక్షిణపుకొనయైన సీతానగరమువైపున మన కాలువ బయలుదేఱును. అంత దూరము వారు నడువలేరు గనుక ఆటోలో గొనిపోయితిమి. తలుపులక్రిందనుండి నురుగుతో వచ్చు నీటిని వారు చాలసేపు చూచిరి. “మన ఊరి నీళ్లు ఇక్కడినించా అమ్మాయ్ వచ్చేది!” అనిరి. ఏబదియేండ్లు ఆ కాలువ నీటనే గిన్నెలు తోమి, బట్టలుతికి, పశువులను కడిగిన మనిషి. అరువదిమైళ్లలోపున నున్న ఈ చోటికి ఇంతకుమున్ను పెండ్లిండ్లకు, ఆసుపత్రికి వచ్చుచు బస్సులో దాటినవారే గాని, దిగి చూడుడని యెవరు ననలేదు. తాము అడుగలేదు. మనయిండ్లలో ఇట్లు అడుగనివారెందఱో!

ఆ రాత్రి లెక్క చూచికొంటిమి. పెద్ద ఖర్చు మధ్యాహ్నభోజనము, తరువాత ఆటోలు, పిల్లల బొమ్మలు మూడవది, రైలు టిక్కెట్టులు అన్నిటికంటె కడపట నుండెను. శ్రమ లెక్కలో రాత్రి వంట యొక్కటి మిగిలెను. దానికి మగవారు ఉదయముననే ఒప్పుకొనియుండిరి: అన్నము, చారు, కాల్చిన అప్పడములు. చారులో ఉప్పు కొంచె మెక్కువైనను ఎవరును వంకబెట్టలేదు.

కావున, సోదరీమణులారా! మీరు నిట్టి ప్రయాణము తలపెట్టినచో తిరిగివచ్చు బండి వేళను మొదట వ్రాయుడు. గుర్తింపు కార్డులు సంచిలో బెట్టుకొనుడు. ఒక గట్టునే చూడుడు. నీరు త్రాగుడు. మీ యింటిలో ఏమియు గోరని పెద్దావిడ యెవరో యున్నచో, ఆమె యేమి చూడగోరునో ముందుగ అడిగి, దానిని పట్టికలో మొదట వ్రాయుడు. రాత్రి వంట యెవరిదన్న ప్రశ్నకు సమాధానము తేల్చుకొన్న పిమ్మటనే ఇంటికి తాళము వేయుడు.