బోర్డు లేని తలుపులు

బొంబాయిలో ఇప్పుడు ఒక కొత్త ముచ్చట నడుస్తున్నది. బయట బోర్డు ఉండదు. మామూలు గోడ, మామూలు తలుపు. లోపలికి పోతే చల్లటి గది, మెత్తటి కుర్చీలు, సన్నటి దీపాలు, వేలల్లో బిల్లు. కొన్ని బార్లల్ల అయితే ముందుగాల ఫోన్‌కు పంపిన మాట చెప్తేనే తలుపు తీస్తరట. ఇట్లాంటివి వెతుక్కుంట పడుచు పిల్లలు లోయర్ పరేల్ దిక్కు వస్తున్నరు. షోలాపూర్ నుంచి, భివండి నుంచి చుట్టపు పిల్లలు వస్తే వాళ్లు కూడ అడిగేది ఇదే: "తాతా, ఆ దాచిపెట్టిన హోటళ్లు ఏడున్నయి?"

ఏడున్నయంటే, మన గిర్నీలు ఉన్న జాగలనే ఉన్నయి. కమలా మిల్స్, మథురాదాస్ మిల్స్, ఫీనిక్స్ మిల్స్ అని పేర్లు అట్లనే ఉన్నయి. గేటు లోపల నూలు లేదు, సాంచా లేదు. ఫీనిక్స్‌ల పాత చిమ్నీ నిలబడే ఉన్నది, దాని చుట్టు పెద్ద మాల్ లేచింది. సాంచాఖాత నడిచిన షెడ్లల్ల ఇప్పుడు పాట పెట్టి మందు పోస్తున్నరు.

అయితే బోర్డు లేని తిండి ఈ పేటకు కొత్త కాదు. గిరణ్‌గావ్ అంతా దాని మీదనే బతికింది. దాని పేరు ఖానావళ్.

పెండ్లాం పిల్లలను ఊర్ల విడిచి వచ్చిన కార్మికుడు ఒక గాలాల పది ఇరవై మందితోని ఉండేటోడు. ఒక పాళి వాళ్లు లేచిపోతే ఇంకో పాళి వాళ్లు అదే జాగల పండుకునేది. వాళ్లకు వంట ఎక్కడిది? ఆ చాళిలనే ఎవరో ఒక అక్కనో, మావ్‌శీనో తన గదిల వండి పెట్టేది. వర్లీ బీడీడీ చాళిల గది అంటే 160 చదరపు అడుగులు. అందులనే ఆమె సంసారం, అందులనే పొయ్యి, అందులనే ఇరవై మంది పంక్తి. మూడో మాళాకు ఎక్కి, నల్లా దాటి, చెప్పులు ఎక్కువ ఉన్న గడప చూస్తే అదే ఖానావళ్. బోర్డు ఎందుకు? తెలియనోడు ఎవడూ లేడు.

లెక్క అంతా పగారు మీదనే. నెల తిని, పగారు నాడు కట్టేది. ఊరికి పోయిన రోజులకు ఖాడా అని రాసుకొని ఆ పైసలు తీసేసేది. మరాఠీ మావ్‌శీ దగ్గర భాకర్, ఉసల్, ఐతారం నాడు మటన్. మన తెలుగు అక్క దగ్గరనైతే పచ్చిపులుసు, ఎండుచేపల కూర. రెండో పాళి దిగి అర్ధరాత్రి వచ్చినా మూత పెట్టిన తాట్ ఉండేది.

నెల మధ్యల సరుకుకు పైసలు ఆమె ఏడికెల్లి తేవాలె? కిరాణా సేటు దగ్గర పుస్తె కుదువ పెట్టేది. వడ్డీ పెరిగేది. ఆ బాధ చూసి ప్రేమా పురావ్ అనే యూనియన్ కార్యకర్త 1975లో అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టి, ఖానావళ్ నడిపే ఆడవాళ్లకు బ్యాంకు అప్పులు ఇప్పించింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపు మీద సమ్మె మొదలైనప్పుడు రెండున్నర లక్షల మంది దాకా పని ఆపిండ్రు. పగారు లేదు. అయినా చాలా మంది ఆడవాళ్లు ఉద్దెర మీద అన్నం పెట్టిండ్రు. సమ్మె తెగలేదు. తిన్నోళ్లు కొందరు ఊర్లకు పోయిండ్రు. ఆ వహీలల్ల బాకీలు అట్లనే ఉండిపోయినయి.

ఇగ దాచిపెట్టిన బారు సంగతి. అది కూడ పాతదే. 1949ల బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. తాగుడు ఆగలేదు, తలుపు వెనుకకు పోయింది. సందుల్ల, ఇండ్లల్ల ఆంటీలు సారా అమ్మేటోళ్లు. నారంగి, మోసంబి అని పేర్లు. తెలిసిన మనిషి వెంబడి ఉంటేనే లోపలికి రానిచ్చేది. తరువాత చట్టం సడలించి, పర్మిట్ ఉన్నోడు తాగొచ్చు అన్నరు. ఇప్పటికీ బార్ల మీద "పర్మిట్ రూమ్" అని రాసి ఉండేది అందుకే. కాగితం మీద ఆ పర్మిట్ ఇంకా ఉన్నది.

ఆ దొంగ సారా ఎంత మంది పగారు తిన్నదో ప్రతి చాళికి తెలుసు. పాణాలు కూడ తిన్నది. 2015ల మాల్వణీల కల్తీ సారా తాగి వంద మందికి పైగా పోయిండ్రు. అందరూ పేదోళ్లే. కనుక "సీక్రెట్ బార్" అని పిల్లలు సంబురపడుతుంటే నాకు అంత సంబురం కాదు.

కొత్త వాటిల్ల కూడ ప్రమాదం లేకపోలేదు. 2017 డిసెంబర్ 29న, అర్ధరాత్రి దాటినంక, కమలా మిల్స్‌ల మిద్దె మీది హోటల్‌కు నిప్పు అంటుకొని 14 మంది చనిపోయిండ్రు. చాలా మంది బయటికి తొవ్వ దొరకక మరుగుదొడ్లల్లకు పోయిండ్రు, పొగకు ఊపిరాడలే. మన ఇండ్ల పిల్లలు ఇప్పుడు ఇట్లాంటి హోటళ్లల్ల వెయిటర్లుగ, వంటగదుల్ల పని చేస్తున్నరు. తల్లిదండ్రులు పగారు ఎంత అని అడుగుతరు. బయటికి ఇంకో తలుపు ఉన్నదా, దానికి తాళం వేస్తరా అని కూడ అడుగుండ్రి. గిర్నీల మేము పొద్దుగాల అడుగుపెట్టంగనే చూసుకున్నది గేటు ఏ దిక్కు ఉన్నదనే.

బొంబాయి వచ్చే పిల్లలకు నేను చెప్పే తొవ్వ వేరే. చించ్‌పోక్లీ స్టేషన్‌ల దిగి లాల్‌బాగ్‌కు నడువుండ్రి. మిర్చి గల్లీల మసాలా వాసన దూరంనుంచే తెలుస్తది. పక్కనే చివ్డా గల్లీ. గిర్నీల వాళ్లు ఊరికి పోయేటప్పుడు మూటల్ల కట్టుకపోయింది ఆ చివ్డానే. మధ్యాహ్నం ఆకలైతే చాళిల ఎవరన్నా పెద్దామెను "ఇక్కడ ఖానావళ్ ఉన్నదా" అని అడుగుండ్రి. చాలా మూతబడ్డయి. దొరికితే అదృష్టం.

చివరగ ఒక కోరిక. మీ ఇంట్ల అమ్మనో, నాయనమ్మనో, మేనత్తనో ఖానావళ్ నడిపి ఉంటే, ఆమె పేరు, చాళి పేరు, గది నంబరు, ఏ గిర్నీ వాళ్లకు అన్నం పెట్టిందో రాసి మన పత్రికకు పంపుండ్రి. వహీ మిగిలి ఉంటే భద్రంగ ఉంచుండ్రి. సేట్ల పేర్లు ఇంకా గేట్ల మీద ఉన్నయి. అన్నం పెట్టినోళ్ల పేర్లు మనం రాస్తేనే ఉంటయి.