ఆస్పత్రికి పోయిన పూట కూలి ఎవరిస్తారు?

ఏం వదినా, జొన్నలు చెరుగుతాండావా? ఆ చేట పక్కన బెట్టి గోడకాడికి రా. పొద్దున ఆశా కార్యకర్త మా ఇంటికొచ్చి ఆయనకు బీపీ చూసె. ఎక్కువుండాదంట. నెలనెలా ఆస్పత్రికొచ్చి చూపించుకోండి, మాత్రలు ఊరికే ఇస్తారు అనె. మాత్రలు ఊరికేలే. ఆ పూట పోయే కూలి ఎవరిస్తారు?

కార్డుండాది కదా అంటావా? ఉండాది. ఆయుష్మాన్ కార్డు మీద బీపీఎల్ ఇంటికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. అంతకు ముందు, 2003లోనే, మన కర్ణాటకలో సొసైటీ రైతులకు యశస్విని బీమా వచ్చె. మొదట్లో మనిషికి కట్టేది నెలకు 5 రూపాయలే. ఆంధ్రాలో మీ చెల్లెలోళ్లకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చె. ఎన్ని ప్రాణాలు నిలబెట్టినాయో! కానీ ఇవన్నీ మనిషి మంచాన పడినాకే ఎక్కువ పనికొస్తాయి. గుండె ఆపరేషన్‌కు లక్షలు కట్టే సర్కారు, ఆ గుండె చెడకుండా బీపీ చూపించుకునేటోనికి ఒక పూట కూలి ఇస్తే ఎంత మిగులుతాదో చూడు. 2023లో శక్తి పథకం వచ్చినాక ఆడోళ్లకు బస్సు ఉచితం. మగోనికి చార్జీ కూడా చేతిదే.

"దుడ్డిస్తేనే ఒళ్లు చూసుకుంటారా? ఎవరి ఒళ్లు వాళ్లకు తీపి కాదా?" అంటాండావు. తీపే వదినా. పొయ్యి మీద ఎసరు కూడా ముఖ్యమే కదా! గనుల్లో పనికి పోయేటోడు నాగా పెడితే ఆ రోజు ఇంట్లో ఏముంటాది?

దుడ్డు ఇచ్చి చూసిన పథకాలూ ఉండాయి. 2005లో జననీ సురక్ష వచ్చె. మన రాష్ట్రంలో పల్లెటూరి పేదరాలు ఆస్పత్రిలో కంటే 700 రూపాయలు. 2017 నుంచి మాతృవందన ఉండాది. తొలికాన్పుకు 5000. పేరు రాయించుకుని కడుపుతో ఉన్నప్పుడు చూపించుకుంటే కొంత, బిడ్డకు టీకాలు వేయిస్తే కొంత. టీబీ వచ్చినోళ్లకు తిండి కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 ఇచ్చిరి, 2024 నవంబరు నుంచి 1000 చేసిరి. మన సండూరు పక్క ఇది చిన్న మాట కాదు. రాతి దుమ్ము ఏళ్లతరబడి పీల్చిన ఊపిరితిత్తులకు టీబీ సులువుగా పట్టుకుంటాది. మందు ఆరు నెలలు విడవకుండా మింగల్ల, ఉత్త కడుపున ఎట్ల మింగుతారు? ఆ వెయ్యి రూపాయలు గుడ్లకూ పప్పుకూ అవుతాయి. నెలనెలా అందితేనే కదా దానికి విలువ!

బయటి దేశాల్లోనూ చేసినారు. జర్మనీలో సర్కారీ బీమా ఉన్నోళ్లు ఏటేటా పళ్లు చూపించుకుని పుస్తకంలో ముద్ర వేయించుకుంటారు. అట్లా ఐదేళ్లు తప్పకపోతే, రేపు పన్ను కట్టించుకునేటప్పుడు బీమా ఇంకొంచెం ఎక్కువ భరిస్తాది. పదేళ్లయితే ఇంకా ఎక్కువ. తప్పినోళ్లకు మామూలు వాటా ఉండనే ఉంటాది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అనే రాష్ట్రం 2007లో వేరే దారి పట్టె. ఒళ్లు చూసుకుంటామని పేదోళ్లు ఒప్పందం మీద సంతకం చేయల్ల. చేయనోళ్లకు నెలకు నాలుగు మందులకే బీమా ఉండె. చానామంది ఆ తక్కువ బీమాలోనే మిగిలిపోయిరి. రాలేకపోయినోళ్లే కదా ఎక్కువ జబ్బుతో ఉండేది? వాళ్ల మందులే కోస్తే ఎట్ల వదినా?

ఇంకొక మాట కడుపులో రగులుతాండాది. 2024 నవంబరులో బళ్ళారిలో సిజేరియన్ అయిన బాలింతలు చనిపోయిరి. ఎక్కించిన సెలైన్ మీద సర్కారే విచారణ పెట్టె. ఆస్పత్రికి రండి, దుడ్డిస్తాం అని పిలిచినోళ్లు, వచ్చిన తల్లిని బిడ్డతో ఇంటికి పంపల్ల. అది లేకుంటే ఏ 700 రూపాయలూ ఎవరినీ ఆస్పత్రి గడప ఎక్కించవు.

అందుకే గ్రామసభలో లేచి అడుగుతా. బీపీ, షుగర్ చూపించుకునే రోజుకు కూలి కట్టియ్యండి. టీబీ దుడ్డు నెల దాటనీయొద్దండి. రాలేకపోయినోళ్ల వైద్యం మాత్రం కోయొద్దండి. రాసిన అర్జీలో నా వేలిముద్ర పక్కన నీదీ ఉండల్ల. మీ వీధి ఆడోళ్లందరినీ పిలుచుకురా వదినా.