తండ్రి పేరు, కొడుకు గొంతు

పండిత పుత్రుడు పరమ శుంఠ అని పెద్దలు వూరికే అన్నారా? మర్రిచెట్టు కింద మొక్క మొలవదన్న సామెత వుండనే వుంది. పేరున్న తండ్రికి పుట్టినవాడి పాట్లు పగవాడికి కూడా వద్దు. ఏమీ చెయ్యకపోతే శుంఠ అంటారు. చేస్తే, “ఆ తండ్రి కొడుకు గనక” అంటారు.

ఆ సంగతి నాకు కొంత అనుభవమే. మా నాన్నగారు మా వైపు పేరున్న హరికథకులు. నా తొమ్మిదో యేట పోయారు. కళాశాలలో తెలుగు చెప్పుకొనే నేను యే సభలోనైనా పద్యం చదివితే, యెవరో ఒక పెద్దాయన “ఆయన గొంతు రాలేదండీ” అని నిట్టూరుస్తారు. నిజమే, రాలేదు.

అందుకేనేమో, మా అమ్మాయి యింట్లో వినే పాటల్లో ఒక జమైకా గాయకుడి గొంతు నన్ను పట్టి నిలిపింది. పేరు డేమియన్ మార్లీ. 1978లో పుట్టాడు. తండ్రి బాబ్ మార్లీ, రెగే సంగీతాన్ని ప్రపంచం నలుమూలలకూ చేర్చిన మహానుభావుడు. తల్లి సిండీ బ్రేక్‌స్పియర్, 1976లో ప్రపంచ సుందరి. 1981 మే నెలలో, 36 యేళ్లకే, కాన్సరుతో తండ్రి కన్నుమూసేనాటికి పిల్లవాడికి మూడేళ్లు నిండలేదు. తండ్రి ముద్దుపేరు ‘టఫ్ గాంగ్’. యితనికి ‘జూనియర్ గాంగ్’ అని పేరుపడింది. తండ్రి ముఖమైనా సరిగా గుర్తుండని వయస్సు; నెత్తిన మాత్రం ఆయన పేరు!

1996లో అన్న స్టీఫెన్ చెయ్యి పట్టుకొని ‘మిస్టర్ మార్లీ’ అనే తొలి ఆల్బం తెచ్చాడు. 2001లో వచ్చినది ‘హాఫ్‌వే ట్రీ’. అది కింగ్‌స్టన్ నగరంలో ఒక కూడలి పేరు. తండ్రి ట్రెంచ్‌టౌన్ పేదవాడలో పెరిగినవాడు. తల్లి కలవారి వైపు మనిషి. రెంటికీ నడుమ నిలబడిన కుర్రవాడికి అంతకన్నా తగిన పేరు యేముంది? 2002లో దానికి గ్రామీ బహుమతి వచ్చింది.

2005లో ‘వెల్‌కమ్ టు జామ్‌రాక్’ వచ్చింది. విహారానికి వచ్చే దొరలు జమైకాలో సముద్రమూ, యిసుకా చూసి పోతారు. వాళ్లు చూడని తుపాకుల్నీ, లేమినీ, నాయకుల మాయమాటల్నీ యితడు పాటకెక్కించాడు. అదీ తండ్రిలా రాగం తీసి కాదు; తాళం తప్పకుండా మాటలు దొర్లిస్తూ. హరికథలో దాసుగారు పాట ఆపి వచనం అందుకున్నట్టుంటుంది. 2006లో రెండు గ్రామీలు వచ్చాయి. 2011లో మిక్ జాగర్‌తోనూ, మన రెహమాన్‌తోనూ కలిసి ‘సూపర్‌హెవీ’ బృందంలో పాడాడు. అక్కడా తన పద్ధతి తనదే. చిన్ననాటి పేట పేరు పెట్టిన ‘స్టోనీ హిల్’ 2017లో వచ్చి, మరుసటి యేడు మరో గ్రామీ తెచ్చింది.

బాబ్ మార్లీ ట్రెంచ్‌టౌన్ బాధను పాటలో పెట్టాడు. కొడుకు ఆ గొంతును అనుకరించలేదు; ఆయన చూసిన వైపు తన కళ్లతో చూశాడు. తండ్రి సొత్తులో అసలైనది అదే కాబోలు.

మా నాన్నగారు కథ మధ్యలో పిట్టకథ యెత్తుకొని, ముందువరుసలో కూర్చున్న వడ్డీవ్యాపారుల్ని దులిపేసేవారట. మా అమ్మ చెప్పగా విన్నాను. నా పాఠాల్లోనూ అలాంటి పిట్టకథలు అప్పుడప్పుడూ దొర్లుతుంటాయి. శ్రుతి సంగతి దేవుడెరుగు. అప్పుడు మాత్రం పిల్లలు తలలెత్తి వింటారు.